చేరే వేళ ముందు, బయలుదేరే వేళ తర్వాత

గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ, ఒకప్పుడు బిడారులు దిగిన చోటు కార్వాన్. ఆ కాలంలో ఇటు నుంచి మచిలీపట్నం రేవుకు రెండు దారులు. తిన్నగా వెళ్తే 100 కోసులు, కొల్లూరు వజ్రాల గని మీదుగా 112 అని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. తాను ఎక్కువగా వెళ్లింది చుట్టుదారినే. అతనికి గనితో పని.

సముద్రంలోనూ దగ్గరి దారే మంచి దారి కాదు, రాత్రిపూట అసలే కాదు. మచిలీపట్నం నుంచి గోదావరి మొగల మీదుగా కాకినాడ, కోరింగ వైపు తెరచాప పడవలో వెళ్లడం చూడండి. తీరం చదును, గుర్తుపట్టడానికి కొండ ఉండదు. ఒడ్డుకు చాలా దూరం దాకా లోతు తక్కువ. మొగల దగ్గర ఇసుకమేటలు చోటు మారుతుంటాయి. చీకట్లో సరంగుకు పాతకాలపు ఆధారం సీసపు గుండు కట్టిన తాడే. బారలు తగ్గుతున్నాయంటే పడవను లోపలికి, అంటే సముద్రం వైపుకు, తిప్పాల్సిందే.

కానీ రాత్రి గాలి నేల మీంచి వస్తుంది. నేల సముద్రం కంటే త్వరగా చల్లబడుతుంది కదా. ఒడ్డుకు దగ్గరగా ఉన్న పడవకే ఆ గాలి బాగా అందుతుంది. గాలి కావాలా, లోతు కావాలా? లోతే కావాలి. గాలి తగ్గితే ఆలస్యం, లోతు తగ్గితే పడవే పోతుంది.

ఇక వేళ. దూరం సుమారు 90 నాటికల్ మైళ్లు. గంటకు నాలుగు చొప్పున 22 గంటలు దాటుతుంది. ఉదయం ఎనిమిదింటికి వెలుగులో, పోటు మీద మొగ దాటాలనుకుంటే ముందురోజు పదిలోపే చాప ఎత్తాలి. గాలి తగ్గి వేగం మూడుకు పడిపోయినా సాయంత్రం నాలుగింటికి, ఇంకా వెలుతురుండగానే చేరతారు. ఐదుకు పెరిగితేనే చిక్కు: తెల్లవారకముందే మొగ దగ్గరికి వచ్చేస్తారు. అప్పుడు చాప దించి, లోతైన నీళ్లలో పొద్దు పొడిచేదాకా ఆగాలి. రాత్రి ప్రయాణంలో కష్టమైన పని ఈ ఆగడమే.

ఇదంతా మంచి రుతువు మాట. ఫిబ్రవరి నుంచి తీరప్రవాహం ఉత్తరానికి సాగి కలిసొస్తుంది. అక్టోబరు వస్తే అది ఎదురు తిరుగుతుంది, వెనకే తుపానులు. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లాబూర్దొన్నే నౌకలు అక్టోబరులోనూ అక్కడే లంగరు వేసి ఉన్నాయి. 13వ తేదీ రాత్రి గాలివాన విరుచుకుపడింది. కొన్ని మునిగాయి, కొన్నిటి కొయ్యలు విరిగాయి.