ఎండాకాలపు తూకం

మా వాట్సాప్ గ్రూపులో ఈ వారం మేనల్లుడి ఫొటోలు వచ్చాయి. డాలస్ దగ్గర ఏదో క్లబ్బు పెట్టిన బాస్ చేపల పోటీలో రెండో బహుమతి కొట్టాడు. సంతోషం. కానీ ప్రతి ఫొటోలోనూ బాగా బరువున్న లార్జ్‌మౌత్ బాస్ ఒకటి కింది దవడతో నిలువునా వేలాడుతోంది. దాని పొట్ట కింద రెండో చెయ్యి లేదు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా గొడవ తెలుసు. చేపను తాకేముందు చేతులు తడుపుకోండని ఎన్నిసార్లు రాశానో. ఒంటి మీది జిగురే దానికి రోగాలు సోకకుండా కాపు. పొడి చెయ్యి తగిలినా, ఎండకు కాలిన పడవ తివాచీ తగిలినా ఆ జిగురు ఊడిపోతుంది. దవడ సంగతి ఇంకా ముఖ్యం. బాస్ కొరికి తినే చేప కాదు, నోరు ఒక్కసారిగా తెరిచి ఎరను నీళ్ళతో సహా లోపలికి లాగేసుకుంటుంది. ఆ కీలు దెబ్బతింటే ఎంత చక్కగా ఈదుకుంటూ వెళ్ళిపోయినా తిండి దొరకబుచ్చుకోవడం కష్టం. పెద్ద చేపనైతే రెండో చెయ్యి పొట్ట కింద వేసి, అడ్డంగానే పట్టుకోవాలి.

అసలు పోటీ చివర వేదిక మీద జరిగే ఈ తూకం తంతే ఎత్తెయ్యాలని చాలాకాలంగా నా వాదన. పొద్దున్న పడ్డ చేప సాయంత్రం దాకా పడవలోని లైవ్‌వెల్ తొట్టిలో ఉంటుంది. తర్వాత పట్టిన చేపలన్నిటినీ కాసిని నీళ్ళతో ఒక సంచిలో వేసుకుని వరసలో నిలబడతారు. ఆ నీళ్ళలో ఆక్సిజన్ ఎంతసేపని ఉంటుంది? చచ్చిన చేపకి బరువులో కోత వేస్తారు, నిజమే. కానీ కోత పడేది తూకం వేళకి చచ్చినవాటికే. వదిలాక రెండు మూడు రోజులకి చచ్చే చేపలు ఎవరి లెక్కలోకీ రావు.

ఇంతవరకు రాసేసరికి రే స్కాట్ గుర్తొచ్చాడు. అలబామాలో ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునే మనిషి. 1967లో ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో బాస్ పోటీ పెట్టాడు, మరుసటి ఏడాది బాస్ (B.A.S.S.) అనే గాలగాళ్ళ సంఘం స్థాపించాడు. ఆ కాలంలో ఎన్ని చేపలు చంపి తెస్తే అంత గొప్ప. 1972లో ఆయన తన పోటీల్లో ‘పట్టిన చేపను చంపొద్దు’ అన్న పద్ధతి తెచ్చాడు. పడవలో నీళ్ళు తిరిగే తొట్టి పెట్టుకోవాలి, చేపను ప్రాణంతో తేవాలి, తూచాక మళ్ళీ సరస్సులో వదలాలి. పోటీల్లో వీరులనుకున్నవాళ్ళే కొట్టుకుంటున్న చేపను జనం ముందు ఎత్తి చూపించి వదిలేస్తుంటే, సెలవు రోజుల్లో గాలం వేసుకునేవాళ్ళూ అదే నేర్చుకున్నారు. ఈనాడు అమెరికాలో బాస్ పట్టేవాళ్ళలో ఎక్కువమంది చేపను వదిలేస్తున్నారంటే అందులో ఆ వేదిక వాటా చాలా ఉంది.

ఎథెల్ అనే చేప కథా అలాంటిదే. 1986 నవంబరులో డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో ఒక గైడ్ గాలానికి 17.67 పౌండ్ల బాస్ పడింది. మన లెక్కలో 8 కిలోలు. అతను దాన్ని ప్రాణంతోనే టెక్సస్ వన్యప్రాణి శాఖకు అప్పగించాడు. భారీ చేపలతో గుడ్లు పెట్టించి పిల్లల్ని సరస్సుల్లో వదిలే షేర్‌లంకర్ పథకంలో అదే మొదటి చేప. తర్వాత మిస్సోరీలో ఒక పెద్ద దుకాణం అక్వేరియంలో ఏళ్ళ తరబడి బతికింది. జనం బారులు తీరి చూసేవారు. గోడకు తగిలించిన చచ్చిన చేపకి ఆ విలువ రాదు.

అందుకని వేదిక ఎత్తెయ్యమని ఇక అనను. చల్లటి నెలల్లో, అక్టోబరు నుంచి జనవరి దాకా, ఉండనివ్వండి. టెక్సస్ వేసవిలో మాత్రం వద్దు. వేడెక్కిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, అదే వేడికి చేపకి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు తొట్టిలో వేసి నాలుగైదు డిగ్రీలు తగ్గించొచ్చు, పంపు ఆపకుండా నడపొచ్చు. అన్నీ చేసినా వరసలో సంచితో నిలబడ్డ ఆ కాసేపు చాలు, చేప పని అయిపోవడానికి. వసంతంలో చిక్కు వేరు. గుడ్లకు కాపలా కాసేది మగ చేప. దాన్ని సాయంత్రం దాకా తొట్టిలో ఉంచి ఇంకెక్కడో వదిలితే ఈలోగా బ్లూగిల్ చేపలు గూడంతా ఖాళీ చేస్తాయి.

దీనికి దారి దొరక్క కాదు. మేజర్ లీగ్ ఫిషింగ్ సంస్థ పెట్టే కొన్ని పోటీల్లో చేపను పడవలోనే తూచి, పట్టిన చోటే వెంటనే వదిలేస్తారు. చేప పడవ నేల మీద పడితే పట్టినవాడికి కాసేపు గాలం వెయ్యకూడదని శిక్ష కూడా ఉంది. కావలసిందల్లా పడవకో తూనికయంత్రం, పక్కన సాక్షిగా ఒక మనిషి.

డాలస్ చుట్టుపక్కల చేపల క్లబ్బుల్లో మనవాళ్ళు ఉంటే, వచ్చే ఏడాది నియమాలు రాసుకునేటప్పుడు ఇది అడగండి: ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా తూకం పడవలోనే జరగాలి.