సమ్మక్క కథలో మాయ ఎక్కడ?

కాకతీయుల కాలాన్ని కోట వైపు నుంచి చూపిస్తూ గుణశేఖర్ 2015లో ‘రుద్రమదేవి’ తీశారు. అడవి వైపు నుంచి తీయాల్సింది మనమే. అందుకే కోదాడలో మా పిల్లలు సమ్మక్క మీద షార్ట్ ఫిల్మ్ తీస్తామంటే సంబరపడ్డాం. తల్లి చేతుల్లోంచి మెరుపులు రప్పిస్తామంటే మాత్రం వద్దన్నాం.

మెరుపులతోనే గెలిచేటట్టయితే కరువులో కప్పం కట్టమన్న ప్రతాపరుద్రుడి అన్యాయం ఎవరికి గుర్తుంటుంది? వెనక నుంచి దిగిన బల్లెం నొప్పి ఎవరికి తెలుస్తుంది? జంపన్న దూకిన సంపెంగవాగు వట్టి నీళ్లయిపోతుంది.

ఈ కథలో మాయ చివరనే ఉంది. నెత్తురోడుతూ చిలకలగుట్ట వైపు నడిచిన తల్లి కనబడదు, కుంకుమ భరిణె కనబడుతుంది. మేడారం గద్దె మీద విగ్రహం లేదు. సినిమాలోనూ ఆమె ముఖం చూపకండి. చూసేవాళ్లు ఎవరి తల్లిని వాళ్లు తలుచుకుంటారు.