మందు, అమృతం, సత్యం: సేంద్రియ రైతుకు అందే సహాయపు భాష – ఒక విమర్శ

వ్యాస సంగ్రహం: తెలుగు ప్రాంతాలలో సేంద్రియ, ప్రకృతి వ్యవసాయాలకు రెండు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థల సహాయం అందుతున్నది. కరపత్రాలు, శిక్షణ పుస్తకాలు, పథకాల మార్గదర్శకాలు ఆ సహాయానికి వాహకాలు. వాటిలోని ముఖ్య పదాలు ఎక్కడి నుంచి వచ్చాయి, అవి దేనిని సహాయానికి అర్హమైనదిగా చూపుతున్నాయి, దేనిని కనబడకుండా చేస్తున్నాయి అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

కీలక పదాలు: సేంద్రియ వ్యవసాయం, ప్రకృతి వ్యవసాయం, పారిభాషిక పదజాలం, కౌలురైతు, సత్యం పంటలు, మాండలిక వృత్తి పదకోశం.

1. మందు

తెలుగులో రసాయన క్రిమినాశినికి స్థిరపడిన పేరు పురుగుమందు. రోగిని బతికించేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, చేలో పురుగును చంపేదీ మందే. పైరుకు మందు కొట్టని రైతును ఇరుగుపొరుగు నిర్లక్ష్యపరుడిగా చూడడానికి ఇతర కారణాలతో పాటు ఈ భాషాకారణం కూడా ఉందని చెప్పవచ్చు. జబ్బు చేసిన బిడ్డకు మందిప్పించని తండ్రి ఎలా కనిపిస్తాడో, అతడూ అలాగే కనిపిస్తాడు. రైతుల బలవన్మరణాల కాలంలో ఇదే మాటకు మరొక భయంకరమైన అర్థం తోడైంది. 'ఎండ్రిన్' అనే ఒకానొక రసాయనం పేరు పల్లెల్లో విషానికి సామాన్యనామం అయింది. దేశంలో దానిని నిషేధించి మూడు దశాబ్దాలు దాటినా ఆ మాట కథల్లోనూ వాడుకలోనూ మిగిలే ఉంది.

కాబట్టి రసాయనాలు మాన్పించే తొలి ప్రయత్నాలు ఒక వ్యతిరేకార్థక పదంతో మొదలుకావడం సహజమే. 1980ల చివర తెలంగాణ మెట్ట పొలాల మీద ఎర్ర గొంగళిపురుగు విరుచుకుపడినప్పుడు, తొలకరి వానలకు నేలలోంచి వెలువడే తల్లిపురుగులను ఊరంతా కలిసి మంటలు వేసి ఆకర్షించి చంపే పద్ధతిని స్వచ్ఛంద సంస్థలు ప్రచారం చేశాయి. 'పురుగుమందులు లేని సస్యరక్షణ' ఆ అనుభవం నుంచి ఎదిగినదే. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల, అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనబావి ఈ దారిలో పేరు పొందిన గ్రామాలు. 2000ల మధ్యకాలానికి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మహిళా సంఘాల ద్వారా, దీనిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అనేక జిల్లాలకు విస్తరింపజేసింది.

ఈ దశకు చెందిన వివరణల్లో ప్రత్యేకంగా గమనించవలసినది క్రియల ప్రాధాన్యం. పురుగు ఎప్పుడు గుడ్డు పెడుతుంది, ఏ పంటను ముందు ఆశిస్తుంది అని కనిపెట్టడం, వేసవి దుక్కి దున్నడం, ఆముదాన్ని ఎరపంటగా గట్ల వెంట వేయడం, పక్షులు వాలడానికి కొమ్మలు పాతడం: ఇవన్నీ రైతు చేసే పనులు. కొనవలసినది తక్కువ, తెలియవలసినది ఎక్కువ. తర్వాతి పథకాల్లో ఈ నిష్పత్తి క్రమంగా తారుమారైంది.

2. సేంద్రియం

'సేంద్రియం' అంటే ఇంద్రియాలతో కూడినది, అనగా చేతనమైనది. 'ఆర్గానిక్' అనే మాటకు రసాయనశాస్త్రంలోనూ వ్యవసాయంలోనూ ఈ పదమే సమానార్థకంగా నిలిచింది. చిక్కు అక్కడే ఉంది. రసాయనశాస్త్రార్థంలో తీసుకుంటే యూరియా కూడా సేంద్రియమే. 1828లో వోలర్ తయారుచేసిన యూరియా ఆ శాస్త్రశాఖ చరిత్రలో ఒక మైలురాయి. ఎండ్రిన్ సేంద్రియ క్లోరిన్ సమ్మేళనం, మోనోక్రోటోఫాస్ సేంద్రియ భాస్వర సమ్మేళనం. అంటే ఈ పదం తనంతట తాను దేనినీ నిషేధించలేదు. ఏది సేంద్రియమో, ఏది కాదో చెప్పే అధికారం పదానికి లేదు కనుక అది నిబంధనకు దక్కింది.

ఆ నిబంధన మన దేశంలో మొదట ఎగుమతుల కోసం రూపొందింది. 2001లో వాణిజ్య మంత్రిత్వశాఖ పరిధిలో వచ్చిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం దానికి ఆధారం. రైతులు బృందాలుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే భాగస్వామ్య హామీ పద్ధతి వ్యవసాయ మంత్రిత్వశాఖ ద్వారా తర్వాత వచ్చింది. 2015లో మొదలైన పరంపరాగత కృషి వికాస యోజన దానినే ఆధారం చేసుకుని సమూహాలకు సహాయం అందించింది. ఈ క్రమంలో 'సేంద్రియ' అనేది సేద్యానికి విశేషణంగా కంటే సరుకు మీది ముద్రగానే ఎక్కువ స్థిరపడింది.

ముద్ర దక్కడానికి కాలం కావాలి. ఎగుమతి ప్రమాణాల ప్రకారం ఏకవార్షిక పంటలకు విత్తడానికి ముందు కనీసం 2 సంవత్సరాలు, బహువార్షిక పంటలకు తొలి కోతకు ముందు 3 సంవత్సరాలు 'పరివర్తన కాలం'. ఆ గడువులో రసాయనాలు వాడరాదు, పంటకు మాత్రం సేంద్రియపు ధర రాదు. దిగుబడి తగ్గితే ఆ నష్టం భరించవలసింది కూడా ఆ గడువులోనే. సొంత భూమి ఉన్న రైతు దీనిని ఎలాగో దాటగలడు. కౌలురైతు సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) ఇచ్చే పత్రానికి కాలపరిమితి 11 నెలలు, అదీ భూయజమాని సమ్మతిస్తేనే. పదకొండు నెలల పత్రంతో రెండేళ్ల పరివర్తనను ఏ సాగుదారు పూర్తిచేయగలడు? చెరువుమట్టి తోలించి, పచ్చిరొట్ట దున్ని, నేలను బాగుచేసిన ఏడాదికే ఆ నేల మరొకరికి ఎక్కువ కౌలుకు పోవచ్చు. కౌలుసేద్యం అధికంగా ఉన్న గోదావరి, కృష్ణా డెల్టాలలో సేంద్రియ సాగు విస్తరణ గురించి మాట్లాడేవారు ముందుగా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది. మార్గదర్శకాలు దీనిని ప్రశ్నగానైనా లేవనెత్తకపోవడం పెద్ద లోపం.

ఇక్కడ ఆ చట్టం పేరునే పరిశీలించాలి. కౌలుకు సాగుచేసే మనిషిని అది 'రైతు' అనలేదు, 'సాగుదారు' అన్నది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పేరులో రైతు ఉన్నాడు, కానీ సహాయం అందింది పట్టాదారుకు. 2007 నాటి జాతీయ రైతు విధానం కౌలుదారులను, పాలికాపులను, వ్యవసాయ కూలీలను సైతం రైతు నిర్వచనంలో చేర్చింది. ఆ విశాలమైన నిర్వచనం పథకాల భాషలోకి రాలేదు. 'సేంద్రియ రైతు' అన్నప్పుడు విశేషణం మీద జరిగినంత చర్చ విశేష్యం మీద జరగలేదు.

3. అమృతాలు, అస్త్రాలు

సుభాష్ పాలేకర్ పద్ధతిని 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా విస్తృతంగా చేపట్టిన తరువాత పదజాలం పూర్తిగా మారిపోయింది. బీజామృతం, జీవామృతం, ఘనజీవామృతం, ఆచ్ఛాదన, నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం. ప్రయోగశాల మాట పక్కకు జరిగి పురాణం మాట ముందుకు వచ్చింది.

ఈ పేర్లు అర్థరహితమైనవి కావు. 'సేంద్రియ ద్రావణం' కంటే 'జీవామృతం' ఎవరికైనా గుర్తుంటుంది. మందు అనే మాటకు వైద్యపరంగా ఉన్న ఆకర్షణను ఎదుర్కోవడానికి అమృతం కంటే బలమైన మాట దొరకదు. అయితే అదే పద్ధతి, నేలలోని ప్రాణులన్నింటినీ బతకనివ్వాలని చెబుతూనే పురుగు దగ్గరికి వచ్చేసరికి మహాభారత యుద్ధంలోని ఆయుధాల పేర్లు పెట్టుకుంది. మిరపకాయ, వెల్లుల్లి, పొగాకు, వేప కలిపిన కషాయానికి అగ్నిఅస్త్రం అని పేరు. పురుగు శత్రువు, పిచికారీ దాడి అన్న రసాయన యుగపు ఊహ ఇక్కడ చెక్కుచెదరలేదు, దుస్తులు మాత్రమే మార్చుకుంది. రసాయన మందుల సీసాలు పెట్టుకున్న అలమరలోనే కషాయాల సీసాలు కూడా చేరిపోవడానికి ఈ ఊహ దారి వేసింది. సిద్ధంగా ఉన్న కషాయాన్ని దుకాణంలో కొని కొట్టే రైతు ఏమి మానుకున్నట్లు?

జీవామృతం తయారీ సూచనను ఒక పాఠ్యంగా చదివితే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుధాన్యపు పిండి, పొలం గట్టున రసాయనం తగలని చోటి నుంచి తీసిన పిడికెడు మట్టి వేసి 48 గంటలు మురగబెట్టాలి. కొలతలన్నింటి మధ్య తూకం లేనిది ఆ పిడికెడు మట్టి ఒక్కటే. ఆ పొలానిదే అయిన సూక్ష్మజీవులను ఆ పొలానికే పెంచి ఇవ్వడం ఈ ప్రక్రియ ఉద్దేశం కనుక, ఈ వాక్యమంతటికీ ఆయువుపట్టు అదే. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు మొత్తం కేటాయింపు 2,481 కోట్ల రూపాయలు. అందులో 10,000 జీవ ఉత్పాదకాల వనరుల కేంద్రాల ఏర్పాటు ఒక ముఖ్యాంశం. పశువులు లేని రైతుకు అవి ఉపకరిస్తాయనడంలో సందేహం లేదు. కానీ కేంద్రంలో తయారైన పీపాలో కలిసేది ఎవరి గట్టు మట్టి? 'వనరు' అన్న మాట క్రమంగా రైతు పొలంలోంచి, తెలివిలోంచి బయటికి వచ్చి ఒక విక్రయస్థలానికి పేరవుతున్నది.

'పెట్టుబడి లేని' అనే విశేషణం గురించి కొంత చెప్పాలి. 2019 జూలైలో కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో దానిని కొనియాడారు. అదే ఏడాది జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఆ పద్ధతికి శాస్త్రీయ ఆధారం చాలదని అభ్యంతరం తెలిపింది. అంతర పంటల ఆదాయంతో ప్రధాన పంట ఖర్చు తీరుతుందన్నది పాలేకర్ వివరణ. తెలుగు రైతు నుడిలో పెట్టుబడి అంటే విత్తనం, కూలి, కౌలు, సేద్యపు ఖర్చు అన్నీ. పేడ, మూత్రం పోగుచేయడం, ఆకు కోసి దంచడం, రోజూ కలియబెట్టడం చాలా ఇళ్లలో ఆడవారి చేతిపని. ఆ శ్రమకు లెక్క కట్టనప్పుడే పెట్టుబడి సున్నా అవుతుంది. ఈ కార్యక్రమాన్ని నడపడానికి మాత్రం ప్రభుత్వం జర్మనీ అభివృద్ధి బ్యాంకు నుంచి రుణం తీసుకోవలసి వచ్చింది. తరువాత రాష్ట్రం 'ప్రజాభాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం' అనే పేరుకు మారడం, పాలేకర్ సైతం పాత పేరును విడిచిపెట్టడం విమర్శకు లొంగిన మార్పులే అనుకోవచ్చు. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారంలో భాగం దక్కింది. దాని ఫలితాలను పరిశీలించిన పంటకోత ప్రయోగాల నివేదికలు ఉన్నాయి, వాటిపై వాదోపవాదాలూ ఉన్నాయి. ఆ నివేదికలు, ఆ వాదాలు ప్రధానంగా ఇంగ్లీషులో నడిచాయి. రైతుకు తెలుగులో అందినవి తయారీ సూచనలు.

సూచనల వాక్యనిర్మాణం కూడా పరిశీలనార్హం. కలపాలి, వడకట్టాలి, పిచికారీ చేయాలి. విధ్యర్థక క్రియ తప్ప మరో రూపం అరుదు. కార్తెలను బట్టి రైతులు చెప్పుకునే సామెతల్లో చేదర్థకం ఎక్కువ: ఇది కురిస్తే అది పండుతుంది, అది కురవకపోతే ఇది చేయవలసి వస్తుంది అన్న ధోరణి. ఒకటి ఆజ్ఞ, రెండవది షరతులతో కూడిన పరిశీలన. వాన, నేల, పురుగు ఏటేటా మారే చోట ఏ వాక్యం శాస్త్రానికి దగ్గరగా ఉందో చెప్పనవసరం లేదు.

4. సత్యం

జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన దళిత మహిళా రైతుల వాడుకలో ఒక మాట ఉంది: 'సత్యం పంటలు'. యాసంగిలో నీటితడి లేకుండా, మంచు తేమను ఆసరాగా చేసుకుని, బయటి ఎరువు కోరకుండా పండే కుసుమ, శనగ వంటి పంటలకు ఆ పేరు. ఇది ప్రయోగశాల నుంచి రాలేదు, పురాణం నుంచి రాలేదు, ఖాతా పుస్తకం నుంచీ రాలేదు. పంటకూ మనిషికీ మధ్య ఉన్న నమ్మకాన్ని చెప్పే నైతిక పదం. వాన ముఖం చాటేసిన ఏడు కూడా మాట తప్పని పంట అన్న భావం అందులో ఉంది. కరువు నేల మీద బతికినవారే ఆ మాట పుట్టించగలరు.

ఈ మహిళలు పేరు పెట్టడంతో ఆగలేదు. 2002లో వరంగల్ ప్రాంతంలో బి.టి. పత్తి వేసిన రైతులను సీజను పొడవునా కెమెరాతో వెంబడించి వారి మాటల్లోనే నమోదు చేశారు. 2008లో మాచునూరులో ప్రారంభమైన సంగం రేడియో వారి యాసలోనే విత్తనాల గురించి మాట్లాడింది. సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలతో ఊరూరా సాగే పాత పంటల జాతర కూడా వారిదే. పరిశోధన అన్న మాటకు మనం విశ్వవిద్యాలయంలో ఇచ్చే అర్థంలో చూసినా, బి.టి. పత్తి చిత్రీకరణ ఒక దీర్ఘకాలిక క్షేత్రపరిశీలన. పరిశోధకుడు, సమాచారదాత అన్న విభజన అక్కడ చెల్లదు. ఈ అనుభవాన్ని ఆదర్శీకరించనక్కరలేదు. చిరుధాన్యాల మెట్టసేద్యానికి పనికొచ్చినది డెల్టా వరికి యథాతథంగా పనికిరాదు. కానీ సహాయం ఏ రూపంలో ఉండాలో రైతులే నిర్ణయించినప్పుడు వారు అడిగినవి పీపాలు కావని, విత్తనం, భూమి, మాట్లాడే సాధనమని ఇది చూపుతున్నది.

ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలోనూ ఇటువంటి పదం ఒకటి వేళ్లూనుతున్నది. వర్షాకాలానికి ముందే పొడినేలలో పలురకాల విత్తనాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతిని అధికారులు ఇంగ్లీషు పొడి అక్షరాలతో పిలుస్తారు. ఊళ్లలో దానికి 'నవధాన్యాలు' అని పేరు. పెళ్లిపందిట్లో పాలికలలో మొలకెత్తించే నవధాన్యాలతో పోలిక అందరికీ తెలుసు. చల్లే రకాలు తొమ్మిదికి మించినా పేరు మారలేదు. ఈ పోలిక తెచ్చినవారు ఎవరైనా, శిక్షణ పుస్తకం చేయలేని పనిని అది చేసింది.

5. 1962 నాటి ఒక వనరు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. మన శాఖల్లో దానిని మాండలికాధ్యయనానికి, పదవ్యుత్పత్తికి ఉపయోగిస్తున్నాం. దాని కాలాన్ని గుర్తుచేసుకుంటే మరొక విలువ కనిపిస్తుంది. హరితవిప్లవం పేరిట కొత్త వంగడాలు, రసాయనాలు తెలుగు పొలాల్లోకి పెద్దయెత్తున వచ్చింది 1960ల రెండవ అర్ధభాగంలో. దానికి కొద్ది ముందు, జిల్లాలవారీగా రైతుల నోటి నుంచి సేకరించిన పదాలు అందులో ఉన్నాయి. నేలల రకాలు, దుక్కులు, పనిముట్లు, విత్తే తీరు, ఎరువులు, పైరు తెగుళ్లు: ప్రతి మాట వెనుకా ఒక పద్ధతి ఉంది. సేంద్రియ సేద్యానికి 'వనరులు' ఏవని అడిగేవారికి ఇది ముందుగా చూపదగిన గ్రంథం.

తెలుగు పరిశోధకులు చేయదగిన పని ఇక్కడ నిర్దిష్టంగా ఉంది. ఒక జిల్లాను తీసుకుని, ఆ సంపుటంలో ఎరువు, నేల, తెగులు శీర్షికల కింద ఆ జిల్లాకు నమోదైన పదాలలో నేటి రైతులకు ఎన్ని తెలుసో, ఎన్నింటి వెనుక పద్ధతి ఇంకా బతికి ఉందో సేకరించవచ్చు. పొలాన్ని సొంతంగా చేసేవారిని, కౌలుకు చేసేవారిని, కూలికి వెళ్లే స్త్రీలను విడివిడిగా అడగాలి. ఒకే పొలం గురించి ఈ ముగ్గురూ చెప్పే మాటలు ఒకటి కాకపోవచ్చు.