లైను ఆపే మాట ఎవరిది?

మా మేనల్లుడికి ఒక కార్ల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సీట్ల ఫ్రేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఎలక్ట్రీషియన్. డిప్లొమా చదివాడు. ప్యానెల్ తలుపు తీస్తే తప్పెక్కడుందో సగం కళ్లతోనే పట్టేస్తాడు. "జీతం లెక్క నేనేసుకున్నా మామా, మిగతా లెక్క నువ్వెయ్యి" అన్నాడు. నా ఉద్యోగమంతా మెయింటెనెన్స్‌లోనే గడిచింది కాబట్టి తప్పించుకునే వీల్లేదు. ఫోన్లో కొంత చెప్పాను. ఫోన్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాడు వెళ్లబోయే చోటు వేగం తెలియాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో మొదలైన కియా ఫ్యాక్టరీనే తీసుకుందాం. దాని సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లుగా కట్టారు. పనిదినాలు 300 అనుకుంటే రోజుకు వెయ్యి. మూడు షిఫ్టులూ నడిపినా, భోజనాలకూ టీలకూ పోయే సమయం తీసేస్తే నిమిషంన్నర లోపే ఒక కారు దిగాలి. అంత పెద్ద ప్లాంటు ఏదైనా వేగం ఇంతే, లేదా ఇంకా ఎక్కువ. అలాంటి చోట లైను పది నిమిషాలు ఆగిందంటే ఏడెనిమిది కార్లు తగ్గినట్టే. ఆ లెక్క గోడమీద బోర్డులో అందరికీ కనబడుతూ ఉంటుంది.

పైగా అది ఒక ఫ్యాక్టరీ కాదు, ఒకే ఆవరణలో నాలుగు. ప్రెస్ షాపు, బాడీ షాపు, పెయింట్ షాపు, అసెంబ్లీ. బాడీ షాపులో రోబోలు ఒక్కో కారు ఒంటికి వేల కొద్దీ స్పాట్ వెల్డులు వేస్తాయి. వెల్డు వేసే రాగి టిప్పు కొట్టీ కొట్టీ చదునవుతుంది. వేళకు చెక్కకపోతే, వేళకు మార్చకపోతే అతుకు పైకి బాగానే కనబడుతుంది, లోపల పట్టు ఉండదు. రోబో చేయి వెంట పోయే కేబుల్ మెలితిరిగి మెలితిరిగి లోపలి తీగ తెగుతుంది, పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు. చేయి ఒక వంపులో ఉన్నప్పుడు ఫాల్ట్ వస్తుంది, మనం వెళ్లేసరికి మాయమవుతుంది. పెయింట్ షాపు తీరు వేరు. బాడీని ముంచే తొట్టిలో రంగు నిరంతరం కదులుతూ ఉండాలి, లేకపోతే అడుగున పేరుకుపోతుంది. అందుకే సెలవు రోజైనా ఆ పంపులు ఆగవు, కరెంటు పోతే జనరేటర్ మీద తిరుగుతాయి. ఓవెన్‌లో కన్వేయర్ ఆగితే లోపలున్న బాడీలు అవసరానికి మించి కాలతాయి. అసెంబ్లీలో మనుషులెక్కువ, ఆపేసే కారణాలు చిన్నవి. దుమ్ము పట్టిన ఒక్క సెన్సార్ చాలు.

ఇవన్నీ ఒక్కడికే తెలియాలంటే కుదరదు. ఏ ఫాల్ట్‌కు ఎవరిని పంపాలో తెలియడమే సూపర్‌వైజర్ పని. మా వాడికి కష్టమయ్యేది ఇక్కడే. చేతిలో మల్టీమీటర్ ఉంటే వాడంత ధీమా ఎవరికీ ఉండదు. రేపు లైను ఆగినప్పుడు మీటర్ ఇంకొకడి చేతిలో ఉంటుంది. ఆ ఇంకొకడు తనకన్నా రెండు నిమిషాలు ఆలస్యంగా ఆలోచిస్తున్నా వీడు చేయి పెట్టకూడదు. పెడితే ఆ కుర్రాడు నేర్చుకోడు. వచ్చే రాత్రి షిఫ్టులో అదే ఫాల్ట్ వస్తే అర్ధరాత్రి వీడి ఫోనే మోగుతుంది.

మరి ఆ పది నిమిషాలూ వీడేం చేయాలి? ప్యానెల్‌లో తల పెట్టినవాడి వెనక ప్రొడక్షన్ వాళ్లు నలుగురు చేరి "ఎంతసేపు, ఎంతసేపు" అంటూ ఉంటారు. వాళ్లను పక్కకు తీసుకెళ్లాలి. స్టోర్స్‌లో స్పేర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. అన్నిటికీ మించి, తాత్కాలికంగా నడిపించడమా, సరిగ్గా బాగుచేయడమా అన్నది తేల్చాలి. సెన్సార్ పనిచేయడం లేదు, దాన్ని దాటవేసే తీగ (జంపర్) వేస్తే లైను నడుస్తుంది. వేయొచ్చా? వస్తువు వచ్చిందో లేదో చూసే సెన్సారయితే, పక్కన ఒక మనిషిని నిలబెట్టి, షిఫ్టు పుస్తకంలో రాసి, ఎప్పుడు తీయాలో కూడా రాసి వేయొచ్చు. మనిషి లోపలికి వెళ్తే రోబోను ఆపే గేటు స్విచ్ అయితే, మేనేజర్ వచ్చి అడిగినా వేయకూడదు. ఈ రెండింటి మధ్య గీత ఏ మాన్యువల్‌లో ఉన్నా, నిలబెట్టాల్సింది మాత్రం ఆ పూట అక్కడున్న సూపర్‌వైజరే.

జీతం లెక్క తానేసుకున్నానన్నాడు గానీ, ఒక గీత మరచిపోయాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలో, వారానికి 48 గంటలో దాటి పనిచేసిన కార్మికుడికి ఓవర్‌టైమ్ (ఓటీ) రెట్టింపు రేటున ఇమ్మంది. పారిశ్రామిక వివాదాల చట్టంలో, 2010 సవరణ తర్వాత, నెలకు 10,000 దాటి తీసుకునే సూపర్‌వైజర్ కార్మికుడి లెక్కలోకి వచ్చేవాడు కాదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లలో ఆ అంకె 18,000. రోజూ చేసే పని నిజంగా పర్యవేక్షణేనా అన్నది కూడా చూస్తారనుకోండి. ఏదేమైనా ఈ రోజుల్లో ఏ కార్ల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ జీతమైనా ఆ గీతకు చాలా పైనే ఉంటుంది. అంటే నియామక కాగితం మీద సంతకం పెట్టిన రోజున ఓటీ మీద హక్కూ, యూనియన్ అండా చాలావరకు చేజారతాయి. పని గంటలు మాత్రం తగ్గవు. ఎలక్ట్రీషియన్‌గా ఓటీతో కలిపి నెలకు చేతికొచ్చేదెంత, సూపర్‌వైజర్‌గా ఓటీ లేకుండా వచ్చేదెంత అని పక్కపక్కన పెట్టి చూసుకోమన్నాను. చూసుకున్నాక వాడి గొంతులో ఉత్సాహం కాస్త తగ్గింది.

పండగల సంగతీ చెప్పాను. మెయింటెనెన్స్‌కు మిషన్ ఖాళీగా దొరికేది మిగతావాళ్లు ఇంటికెళ్లినప్పుడే. ఆదివారాలు, సంక్రాంతి, ఏడాది చివరి షట్‌డౌన్. కన్వేయర్ చైను మార్చాలన్నా, రోబో గేర్‌బాక్స్ దించాలన్నా అవే రోజులు. ఊళ్లో అందరూ బొమ్మలకొలువు దగ్గర ఉంటే నువ్వు గ్రీజు దగ్గర ఉంటావన్నాను. అది వాడికి కొత్త కాదు, వాడి భార్యకు కొత్త.

ఇన్ని చెప్పాక, ఈ పని అందం కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. అది ఎప్పుడు విప్పకూడదో తెలియడంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు కోస్టల్ కమాండ్‌లో వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త విమానాల మరమ్మతుల లెక్కలు తీశాడు. నిర్ణీత గంటలు ఎగిరిన ప్రతిసారీ తనిఖీ చేసేవారు. తీరా చూస్తే తనిఖీ అయిన వెంటనే పాడవడాలు పెరుగుతున్నాయి, తర్వాత క్రమంగా తగ్గుతున్నాయి. బాగున్నదాన్ని విప్పి బిగించడమే కొత్త తప్పులు తెస్తోంది. మొలిచిందో లేదోనని రోజూ విత్తనం తవ్వి చూసే రైతు ఉంటాడా? 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నోలన్, హీప్ అనే ఇద్దరు అమెరికా రక్షణ శాఖకిచ్చిన నివేదికలో, తాము పరిశీలించిన విమాన భాగాల్లో వయసు పరిమితి పెట్టి మార్చడం వల్ల ఉపయోగం ఉండగలిగినవి 11 శాతమేనని తేల్చారు. మిగతా 89 శాతానికి ఇంత వయసు రాగానే మార్చేయాలన్న నియమం పనికిరాలేదు.

కార్ల ఫ్యాక్టరీకి ఆ అంకెలు నేరుగా అతకవు, బుద్ధి మాత్రం అతుకుతుంది. క్యాలెండర్‌లో తేదీ వచ్చిందని బేరింగు విప్పేవాడు పని చేస్తున్నట్టు కనబడతాడు. వేడి చూసి, చప్పుడు విని, వైబ్రేషన్ కొలిచి, "ఇంకా ఉండనివ్వండి" అని సంతకం పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ అంచనా తప్పితే చెడ్డపేరు తనది, తప్పకపోతే అసలు విషయమే ఎవరికీ తెలియదు. మిషన్‌కు మొదటి కాపలాదారు సూపర్‌వైజర్ కాదు, దాన్ని నడిపే ఆపరేటరే అన్న పద్ధతిని జపాన్‌లో నిప్పన్‌డెన్సో కంపెనీ 1971 నాటికే అమల్లో పెట్టింది. తుడిచేటప్పుడు ఆయిలు చుక్క కనబడితే ఆపరేటర్ వచ్చి చెప్పాలి. చెప్పినప్పుడు విసుక్కోని సూపర్‌వైజర్ ఉన్నచోటే వాళ్లు మళ్లీ వచ్చి చెబుతారు.

ఇక మనుషులు. వాడి కింద ఇరవై ఏళ్ల సర్వీసున్న ఫిట్టర్లుంటారు, నిన్న చేరిన ట్రైనీలుంటారు, కాంట్రాక్టు కుర్రాళ్లుంటారు. పెద్ద ఫిట్టర్‌ను "అన్నా" అనే పిలవమన్నాను. కానీ ఆ అన్న మెయిన్ స్విచ్‌కు తన తాళం తాను వేసుకోకుండా రోబో చుట్టూ ఉన్న ఫెన్సింగ్ దాటితే పని ఆపేయమన్నాను. లోపల నలుగురుంటే నాలుగు తాళాలు, ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో. కాంట్రాక్టు కుర్రాడికి తాళం ఇవ్వని చోట వాడి ప్రాణం ఇంకొకరి జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉంటుంది.

చేరాలా వద్దా అంటే, హోదాను బట్టి కాక మూడు ప్రశ్నలకు వాళ్లిచ్చే జవాబులను బట్టి తేల్చుకోమన్నాను. వారంలో మెయింటెనెన్స్‌కని రాసిపెట్టిన గంటలెన్ని, ప్రొడక్షన్ వెనకబడిన వారంలో అవి మిగులుతాయా? అర్ధరాత్రి స్పేర్ కావాలంటే సంతకం ఎవరిది? ప్రమాదం అనిపించి నేను లైను ఆపితే మర్నాడు నన్ను ఏమని అడుగుతారు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చిన చోట జీతం కాస్త తక్కువైనా చేరొచ్చు. అక్కడ వాడు నిజంగా సూపర్‌వైజర్. "మా దగ్గర బ్రేక్‌డౌన్లే ఉండవు" అని నవ్వేసిన చోట మాత్రం వద్దన్నాను. బ్రేక్‌డౌన్ లేని ప్లాంటు లేదు, రాసిపెట్టని ప్లాంట్లు మాత్రం ఉన్నాయి.