పాటకు హద్దు ఎవరు గీయాలి? జముకుల కథ నుంచి ద్వేష సంగీత సభల దాకా

ఉద్దేశం: ఈ భాగం చదివిన తరువాత మీరు రాజకీయ గేయాన్ని వస్తువు, రూపం, సందర్భం అనే మూడు కోణాల్లో పరిశీలించగలుగుతారు. ఆ గేయంపై ప్రభుత్వం తీసుకునే చర్యను కూడా విమర్శించగలుగుతారు.

1. రూపం ఎవరి సొత్తూ కాదు

ఉత్తరాంధ్ర పల్లెల్లో జముకుల కథది పాత బలం. కథకుడు ఒక మాట అందిస్తాడు, వంత దాన్ని అందుకుంటుంది. కాసేపటికి వినేవాళ్లూ అందుకుంటారు. శ్రీకాకుళం జిల్లా బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ బలాన్ని గుర్తించి, ఆ రూపంలో భూమి గురించీ దోపిడీ గురించీ కథ చెప్పారు. రాక్ సంగీతంలోనూ ఇలాంటి బలమే ఉంది. జర్మనీలో నయా నాజీలు దాన్ని విదేశీయులపై ద్వేషానికి వాడుకున్నారు. కాబట్టి రూపాన్ని బట్టి పాట మంచిచెడులు తేల్చలేం.

2. వస్తువులో తేడా

పాణిగ్రాహి కథల్లో శత్రువు భూమినీ అప్పునూ గుప్పిట్లో పెట్టుకున్నవాడు. ద్వేష గీతంలో శత్రువు పుట్టుకే నేరమైనవాడు. మొదటివాడు భూమి వదిలితే శత్రుత్వానికి కారణం పోతుంది. రెండోవాడు ఏం చేసినా పోదు. ఈ తేడా పెద్దది. అయితే దీన్ని చూపి మొదటి పాటకు మినహాయింపు ఇవ్వకూడదు. శ్రీకాకుళ పోరాటం వర్గశత్రు నిర్మూలన బాట పట్టింది. పాణిగ్రాహి అందులో గాయకుడే కాదు, దళంలో భాగస్వామి కూడా. మనుషుల్ని చంపమనే పిలుపు ఏ పాటలో ఉన్నా విమర్శకుడు దాన్ని ప్రశ్నించాలి.

3. సందర్భం, ప్రభుత్వ చర్య

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, సభకు వెళ్తున్న గిరిజనుల్లో కోరన్న, మంగన్న భూస్వాముల మనుషుల కాల్పుల్లో చనిపోయారు. ఆ కేసులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. 1969 డిసెంబరులో పాణిగ్రాహి పోలీసు కాల్పుల్లో మరణించారు. ఎదురుకాల్పులని ప్రభుత్వం అంది, పట్టుకుని కాల్చారని ఉద్యమకారులు అన్నారు. ఏది నిజమైనా, ఆయన ఏ పాటలో ఏ మాట హద్దు దాటిందో ఆయన ఎదుట తేల్చే విచారణ జరగలేదు.

ఇప్పుడు జర్మనీ చూడండి. 2003లో బెర్లిన్ న్యాయస్థానం లాండ్‌సర్ అనే బృందాన్ని నేరస్థ ముఠాగా తేల్చింది. పాటల్లోని మాటల్ని విచారించి శిక్ష వేసింది. 2005లో పై కోర్టు దాన్ని సమర్థించింది. అక్కడా చిక్కులు లేకపోలేదు. 2017 జులైలో థేమర్ అనే చిన్న ఊళ్లో టిక్కెట్లు అమ్మి పెట్టిన కచేరీకి సుమారు 6,000 మంది వచ్చారు. ఇది వ్యాపారమని జిల్లా అధికారులు వాదించినా, కోర్టులు రాజకీయ సభగానే గుర్తించాయి. 2019లో ఓస్ట్రిట్జ్‌లో మాత్రం కచేరీని నిషేధించకుండా మద్యాన్ని నిషేధించారు. పోలీసులు వేల లీటర్ల బీరు స్వాధీనం చేసుకున్నారు. దుకాణంలో మిగిలిన బీరును ఊరివాళ్లే కొనేశారు.

మన దగ్గర 2005 ఆగస్టులో విరసంపై నిషేధం వచ్చింది, ఆ ఏడాదే తొలగిపోయింది. సంస్థ మొత్తాన్ని నిషేధిస్తే ఏ రచనలో తప్పేమిటో చెప్పే పని తప్పిపోతుంది.

4. సారాంశం

ప్రభుత్వ చర్యకు గీటురాయి కఠినత్వం కాదు. ఏ మాట, ఎవరికి, ఏ హాని తలపెట్టిందో బహిరంగ విచారణలో చూపగలిగిందా అన్నదే గీటురాయి. తీర్పు వస్తే దాని కారణాలతో మనం వాదించవచ్చు. తుపాకీ మోగితే వాదం ఆగిపోతుంది, పాట మాత్రం జనం నోట మిగులుతుంది. ద్వేష గీతానికి అలా అమరత్వం దక్కకూడదనుకునే ప్రభుత్వం ముందుగా నేర్చుకోవలసింది ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వస్తువులో తేడా ఉన్నా రెండు రకాల పాటలకూ ఒకే గీటురాయి ఎందుకు వర్తించాలి?
2. మీ ప్రాంతంలో విన్న ఒక రాజకీయ గేయాన్ని పై మూడు కోణాల్లో పరిశీలించి ఒక పేజీలో రాయండి.