గ్యారేజీ మట్టిలో నీటితోట

డాలస్ శివార్లలో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ట్రాక్టర్ సప్లై వాళ్ల కొట్టు ఒకటి ఉంది. కోళ్ల దాణా, ముళ్లకంచె చుట్టలు, గుర్రపు జీనులు, రబ్బరు బూట్లు అమ్మే చోటు. అక్కడ ఇంజనాయిలు డబ్బాల అరకు దిగువన, ఎవరి చూపూ పడని మూల, సేఫ్-టి-సోర్బ్ అని రాసిన 40 పౌండ్ల సంచులు పేర్చి ఉంటాయి. కాల్చిన బంకమట్టి పలుకులు. గ్యారేజీలో నూనె ఒలికితే పైన చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి పారేస్తారు. నేను మొదటిసారి కొన్నప్పుడు సంచి ధర పది డాలర్ల లోపే. మూడు సంచులు బండిలో వేసుకుంటే కౌంటర్లో కుర్రాడు "అంత నూనె ఎక్కడ ఒలికింది సార్?" అన్నాడు. చేపల తొట్టికి అన్నాను. ఇక మాట్లాడలేదు పాపం.

వాడి తప్పేం లేదు. అక్వేరియం అంటే జనానికి చేపలు. మా తెగకు చేపలు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, ఇల్లు మొక్కలది. అడుగు మట్టిలో వేళ్లూని, నీళ్లలోనే చిగురేసి, దీపం వెలిగిన నాలుగైదు గంటలకు ఆకుల అంచుల నుంచి ప్రాణవాయువు బుడగలు ముత్యాల పేరులా పైకి లేస్తుంటే చూసినవాడు మళ్లీ మామూలు తొట్టి పెట్టుకోలేడు. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లోనే గోల్డ్‌ఫిష్‌నీ, వాలిస్నేరియా మొక్కనూ, నత్తలనూ ఒక తొట్టిలో పెట్టి, ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి ఆహారం అవుతుందని లోకానికి చూపించాడు. ఆ తర్వాత డచ్చివాళ్లు దాన్ని తోటపనిగా మార్చారు. వాళ్ల తొట్టిలో రాయి, కట్టె పెద్దగా కనిపించవు. ఒక్కో జాతి మొక్కకు ఒక్కో మడి, మళ్ల మధ్య రంగుల ఎంపిక, వెనక్కి పోతూ సన్నబడే మొక్కల వరుస. దాన్ని లైడెన్ వీధి అంటారు. రెండడుగుల లోతున్న గాజుపెట్టెలో పెద్ద వీధి కనిపించేలా చేయడం మాటలు కాదు. చరిత్ర ఇంతటితో చాలించి అసలు మనిషి దగ్గరికి వస్తాను.

తకాషి అమానో. 1954లో జపాన్‌లోని నీగాతాలో పుట్టాడు. కుర్రతనంలో పందెపు సైకిల్ తొక్కి బతికాడు. ఆ తర్వాత భారీ కెమెరాలు మోసుకుంటూ అమెజాన్, బోర్నియో, పశ్చిమ ఆఫ్రికా అడవులు తిరిగి ఫొటోలు తీశాడు. అడవి నేల ఎలా ఉంటుందో, పడిన మాను మీద నాచు ఏ పక్క పడుతుందో, వాగులో రాయి ఎటు ఒరిగి ఉంటుందో కళ్లలో నింపుకుని వచ్చి, 1982లో కంపెనీ పెట్టి దాన్నంతా గాజుపెట్టెలో దింపాడు. నాలుగు రాళ్లు, జానెడు గడ్డి ఇస్తే చాలు, కొండల మధ్య పచ్చిక బయలు చేసి చూపించేవాడు. పెద్దరాయిని నడిమధ్య పెట్టడు, కాస్త పక్కకు జరిపి, ప్రవాహం తోసినట్టు వాలుగా నాటుతాడు. చిన్నరాళ్లు దానికి తల వంచినట్టుంటాయి. ఆ వాలు రెండు వేళ్లు తప్పితే కొండ కాస్తా కంకర కుప్ప. నేను వందసార్లు ప్రయత్నించాను, నాకు కంకర కుప్పే వచ్చింది. నాచు మేసే ఒక చిన్న రొయ్యను ఆయన ఎంత ప్రచారంలోకి తెచ్చాడంటే, ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని అమానో రొయ్య అనే పిలుస్తుంది.

ఆయన చివరి పెద్ద పని లిస్బన్ ఓషనారియంలో చేసింది. 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్లు. అజోర్స్ దీవుల లావారాళ్లు, చెట్ల మానులు. 2015లో తెరిచారు, అదే ఏడాది ఆగస్టులో అమానో పోయాడు. రెండేళ్ల కిందట అక్కడికి వెళ్లినప్పుడు నేను దాని ముందు మూడు గంటలు కూర్చున్నాను. మా ఆవిడ మొదటి అరగంట కూర్చుని, "ఏమండీ, నేను కాఫీ తాగి, నది చూసి వస్తాను, మీరు ఇక్కడే ఉంటారుగా" అంది. ఉన్నాను. చేపల గుంపు ఒకటి మాను కింద నుంచి మలుపు తిరిగి వెలుగులోకి వచ్చినప్పుడల్లా జనం గొంతులు ఆగిపోయేవి.

అమానోకు దండం పెడతాను కానీ, ఆయన కంపెనీ అమ్మే మట్టికి పెట్టను. తొమ్మిది లీటర్ల సంచికి ఇక్కడ 40 డాలర్ల పైమాటే. నాలుగడుగుల తొట్టి నింపాలంటే ఐదు సంచులు. మంచి మట్టే, కాదనను. ఎరువు నింపుకుని వస్తుంది, మొక్క మొదటి నెలలో ఉరకలేస్తుంది. ఆ నెలలోనే నీళ్లలోకి అమ్మోనియా వదులుతుంది కాబట్టి చేపలు ఆగాలి. రెండు మూడేళ్లకు గుండ్లు చితికి, ఎరువు అయిపోయి, అడుగున మెత్తటి పేస్టు అవుతుంది. అప్పుడు తొట్టి పీకి మళ్లీ కొత్త సంచులు. తోట అని పేరు పెట్టి రెండేళ్లకోసారి దున్నించే ఏర్పాటు ఇది.

నా పక్షం డయానా వాల్‌స్టాడ్ పక్షం. 1999లో ఆమె నీటితొట్టి మొక్కల జీవావరణం మీద పుస్తకం రాసింది. అంగుళం మామూలు పెరటిమట్టి, దానిపైన అంగుళం గులకరాళ్లు, కిటికీ వెలుతురు, నిండా మొక్కలు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు లేవు, సీసాల మందులు లేవు. ఖర్చు లేకుండా కూడా ఈ పని చేయవచ్చని మొదట ధైర్యం చెప్పిన మనిషి ఆమె. కాల్చిన మట్టి వాడే మేమంతా ఆమె పెరట్లోంచి నడిచి వచ్చినవాళ్లమే.

ఇక మట్టి సంగతి. మా నాన్నది పల్నాడులో రేగడి చేను. వానకు ఉబ్బి చెప్పును పట్టుకుని వదలదు, వేసవికి చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఆ ఉబ్బే గుణం మాంట్‌మోరిలొనైట్ అనే బంకది. నూనె పీల్చే సంచుల్లోని మట్టి కూడా ఆ కుటుంబానిదే. కాకపోతే దాన్ని కాల్చారు. పచ్చికుండ నీళ్లలో కరుగుతుంది, ఆవంలో కాలిన కుండ కరగదు. కుమ్మరికి తెలిసిన విద్య ఇంతే. ఎంత కాల్చాలన్నదే కిటుకు. తక్కువైతే బురద. మరీ ఎక్కువైతే పెంకు, గట్టిగా ఉంటుంది, గుణం ఉండదు. గుణం అంటే, ఆ పలుకు ఒంటినిండా ఉన్న రుణ విద్యుదావేశం. అమ్మోనియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, ఇవన్నీ ధన విద్యుదావేశం ఉన్నవి కాబట్టి అక్కడ అతుక్కుంటాయి. వేరు వచ్చి అడిగితే ఇచ్చేస్తుంది. బేస్‌బాల్ మైదానాల్లో నీళ్లు నిలవకుండా, నేల గట్టిపడకుండా కలిపే టర్ఫేస్ కూడా ఇలా కాల్చిన మట్టే. దాని తయారీదారులే 100 గ్రాములకు 30కి పైగా మిల్లీ ఈక్వివలెంట్లు పట్టుకుంటుందని చెప్పుకుంటారు. ఇసుక పట్టుకునేది దాదాపు సున్నా. తోటమట్టిని గుల్లబరచడానికని అమ్మే ఈ సరుకునే చిన్న సంచిలో పోసి, మీద తామరపువ్వు బొమ్మ వేస్తే ధర నాలుగింతలవుతుంది.

ఇదేం కొత్త కాదు. ఎనభైలలోనే జర్మనీవాళ్లు తొట్టి అడుగున లాటరైట్ వేసి, దాని కింద వేడి తీగలు పరిచేవారు. లాటరైట్ అన్న పేరు 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలోని అంగాడిపురంలో చూసిన రాయికి పెట్టిందే. జహీరాబాద్ దారిలో బస్సు కిటికీలోంచి కనిపించే ఆ ఎర్రనేలను డబ్బాల్లో పోసి అమ్మితే గ్రాముల లెక్కన కొన్నారు జనం!

మంచి మట్టిని కనిపెట్టడం మా నీటిమొక్కల క్లబ్బు పెద్దాయన నేర్పాడు. నలభై ఏళ్లు కార్లు బాగుచేసిన మెకానిక్కు. నూనె మీద ఈ పలుకులు చల్లి చల్లి, ఒకరోజు వాన పడ్డాక కూడా బయట పోసిన కుప్ప చెదరకుండా ఉండటం చూసి, ఇంటికి గుప్పెడు తీసుకెళ్లాడట. ఆయన పరీక్ష చాలా తేలిక. గాజుగ్లాసులో గుప్పెడు వేసి నీళ్లు పోసి రెండు రోజులు వదిలేయాలి. మూడో రోజు ఒక పలుకు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపాలి. గింజలా నిలబడితే తీసుకో, వెన్నలా జారితే పారబొయ్యి. వాసన చూడాలి, సెంటు కలిపిన రకాలున్నాయి. గడ్డకట్టే పిల్లి ఇసుక జోలికి అసలు పోకూడదు. అది కాల్చని బెంటొనైట్, నీళ్లు తగిలితే పాయసం.

నేను ఈ పరీక్ష చేయకుండా ఒకసారి దెబ్బ తిన్నాను. వేరే రకం సంచి ఇంకో డాలరు తక్కువకు దొరికిందని సంబరపడి, తొట్టి నింపి, మొక్కలు నాటి, ఊరెళ్లాను. నాలుగు రోజుల తర్వాత తలుపు తీస్తే తొట్టిలో గోదావరి వరద. అడుగు మట్టి నాలుగంగుళాల నుంచి ఏడంగుళాలకు ఉబ్బింది. నత్త ఒకటి గాజుకు అతుక్కుని పైకి పాకుతోంది, దానికి ఉన్న బుద్ధి నాకు లేకపోయింది. ఆ బురదను మగ్గుతో తోడి పెరట్లో పోస్తుంటే "పత్తి వేయండి, బాగా పండుతుంది" అంది మా ఆవిడ.

సరైన సంచి దొరికాక కడగడం ఒక తపస్సు. ముందు కిటికీ జాలీ మీద జల్లెడ పట్టాలి, సంచిలో మూడోవంతు పొడి రాలిపోతుంది. మిగిలింది బకెట్లో సగానికి పోసి, గొట్టంతో నీళ్లు వదులుతూ బియ్యం కడిగినట్టు చేత్తో కలిపి వంచాలి. మొదటి నీళ్లు చాక్లెట్ రంగు, అయిదో నీళ్లు కుడితి, పన్నెండో సారికి పలచటి మజ్జిగతేట. అక్కడ ఆపవచ్చు. పూర్తిగా తేరాలనుకుంటే తెల్లారుతుంది.

చాలామంది తప్పేది దీని తర్వాత. కాల్చిన మట్టి ఖాళీ గాదె. ముందు తన కడుపు నింపుకుంటుంది. నీళ్లలోని కాల్షియం లాగేస్తుంది, దాంతో కార్బొనేట్ కాఠిన్యం కూడా పడిపోతుంది. మొదటి వారాల్లో కొలిస్తే నాలుగున్నది ఒకటికి దిగడం నేనే చూశాను. అప్పుడు చేపలు వేస్తే పాపం. రెండు రోజులకోసారి నీళ్లు మార్చుతూ, కొలుస్తూ, ఆ అంకె నిలబడేదాకా ఆగాలి. కొందరు ఎరువు కలిపిన నీళ్లలో ముందే వారం నానబెడతారు. నేను వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చుతాను. ఎరువు లేకుండా ఈ మట్టి వేసి మొక్క పెరగలేదని తిట్టేవాళ్లను ఏమనాలి? ఖాళీ కుండను పొయ్యి మీద పెట్టి అన్నం ఉడకలేదన్నట్టు!

ఇంకో పేచీ, పలుకు తేలిక. నాటిన కాడ తేలి వచ్చేస్తుంది. పెద్దాయన పొడవాటి పట్టకారుతో నాటేవాడు. కాడ మొదలు పట్టుకుని ఏటవాలుగా దించి, లోపల పట్టు వదిలి, పట్టకారును కాస్త కదుపుతూ పక్కకు తీస్తాడు. పలుకులు కాడ చుట్టూ వచ్చి కూర్చుంటాయి. గంటలో రెండు వందల కాడలు నాటాడు ఒకసారి, ఒక్కటి లేవలేదు. నేను నాటినవి తెల్లారేసరికి సగం నీటి మీద పడవల్లా తిరుగుతుండేవి. ఆయన తొట్టిలో శ్రీలంక క్రిప్టోకొరైనులు ఉండేవి. కదిపితే ఆకులన్నీ కరిగిపోయే మొక్క అది. కొత్తవాళ్లు చచ్చిందని పీకేస్తారు. ఆయన నవ్వి వదిలేస్తే, నెలకు వేరు నుంచి రాగిరంగు చిగుళ్లు వచ్చేవి. పదిహేడేళ్లు ఒకే మట్టి, ఒక్కసారి పీకలేదు. మన నీరుగొబ్బికి చెల్లెలి వరసయ్యే హైగ్రోఫిలా పాలిస్పెర్మా కావాలని నేను అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. మన దేశపు మొక్కే, అమెరికాలో కేంద్ర ప్రభుత్వపు నిషిద్ధ కలుపుల జాబితాలో ఉంది. వీసా దొరకని చుట్టం.

చౌక అంటే కొందరికి చిన్నచూపు. నిజమైన నాసిరకం ఎక్కడుందో చూడమంటాను. ఈమధ్య హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక అక్వేరియం కొట్టులో నిలబడ్డాను. నీలం రంగు పూసిన గులకరాళ్లు, గులాబీ రంగు ప్లాస్టిక్ ఆకులు, మూత తెరుస్తూ మూస్తూ బుడగలు వదిలే నిధిపెట్టె. సరే, అది బొమ్మల కొలువు అనుకుందాం. పక్కనే "నీటి మొక్కలు" అని లక్కీ బాంబూ, సింగోనియం అమ్ముతున్నారు. అవి నేలమొక్కలు. ముంచితే నెల రెండు నెలల్లో కుళ్లి, నీళ్లు పాడుచేసి, చేపలను కూడా తీసుకుపోతాయి. కొన్న పిల్లవాడు తనకు చేతకాలేదనుకుని తొట్టిని అటకెక్కిస్తాడు. అమెరికాలో గొలుసు దుకాణాల్లోనూ అదే తంతు. మా క్లబ్బులో ఒకప్పుడు నెలకు అరవైమంది వచ్చేవారు, ఇప్పుడు పదకొండు మందిమి, అందులో నలుగురికి మోకాళ్ల నొప్పులు.

పోటీల సంగతి చెబితే ఇంకా మంట. అమానో 2001లో మొదలుపెట్టిన ప్రపంచ పోటీలోనే ఇప్పుడు కొయ్యకు నాచు జిగురుతో అంటించి బోన్సాయ్ చెట్లు, తెల్ల ఇసుకతో జలపాతాలు, వేలాడే కొండలు. పనితనం ఉంది, ఒప్పుకుంటాను. కానీ అది ఒక్క ఫొటో కోసం కట్టిన సెట్టింగు. మర్నాడు పీకేస్తారు. అందులో మొక్క ఎక్కడ పెరిగింది? పదిహేడేళ్ల క్రిప్టోకొరైను ముందు ఆ బంగారు పతకాలు ఎందుకూ కొరగావు.

పోయిన శీతాకాలం పెద్దాయన పిల్లలు ఆయన్ను వృద్ధాశ్రమానికి మార్చారు. అక్కడ తొట్టి పెట్టనివ్వరు. మేం ఐదుగురం వెళ్లి విప్పాం. ఆయన కుర్చీలో కూర్చుని ఏ మొక్క ఎవరికో చెబుతున్నాడు. మొక్కలు తీశాక మట్టి తోడుతుంటే వేళ్ల జడలు అట్టలు అట్టలుగా లేచాయి. ఒక పలుకు తీసి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో నలిపి చూశాడు. చితకలేదు.

ఆ మట్టి ఆరు బకెట్లయింది. నాలుగు పంచుకున్నాం. రెండు నా గ్యారేజీలో ఉన్నాయి, కడిగి ఆరబెట్టి. డాలస్ చుట్టుపక్కల ఎవరైనా మొదలుపెడతానంటే ఊరికే ఇస్తాను, నాలుగు క్రిప్టోకొరైను మొక్కలతో సహా. బకెట్లు మాత్రం తిరిగి ఇవ్వాలి.