వెల చెప్పలేని నోరు

పోతన భాగవతాన్ని రాజులకు అమ్ముకోలేదని బడిలో పిల్లలకు ఏటా నేనే చెప్త. సరస్వతి కాటుక కన్నీరు పెట్టుకున్నదనీ, నిన్ను అమ్మనని కవి మాటిచ్చిండనీ చెప్తుంటే పిల్లలు నోళ్లు తెరుచుకొని వింటరు. చెప్తున్న నాకే ఈ కథ మీద అనుమానం. ఆ కథలోనే పోతనకు నాగలి ఉంది, దున్నుకునే భూమి ఉంది. శ్రీనాథుడు అమ్ముకున్నోడు, పోతన అమ్ముకోనోడు. మన విమర్శకులు కళాకారులందర్నీ ఈ ఇద్దరి కొలతతోనే కొలుస్తరు. ఎవ్వరూ వెల అడగకుండ ఊరికెనే వాడుకున్నోడు ఈ కొలతల ఎక్కడొస్తడు?

మా నాయిన డప్పు కొట్టేటోడు. సావుకు, పెండ్లికి, బోనాలకు, సాటింపుకు. మంట మీద తోలు కాపి చిర్ర, సిటికెన పుల్ల పట్టిండంటే ఒక్కోదానికి ఒక్కో దెబ్బ. దేనికీ వెల లేదు. కళ్లం కాడ ఇంత గింజ, సావింట్ల ఇంత బువ్వ, పటేలుకు మనసైతే పాత ధోవతి. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది గానీ మా ఊరి డప్పుకు ఆ సంగతి తెలవడానికి శాన ఏండ్లు పట్టింది. ఒక సావు కాడ నాయిన మొదటిసారి "ఇంత ఇస్తెనే కొడ్త" అన్నడు. కళను అమ్ముకుంటున్నడని ఊరు అనలేదు. మాదిగోనికి మదమెక్కింది అన్నది.

ఆయన కొడుకును నేను. అప్పు జేసి కవితల పుస్తకం 500 కాపీలు అచ్చేసిన. వెల 80 రూపాయలు. ఒక సభ బయట దుప్పటి పరిచి కూసున్న. పెద్ద కవులు "బాగుంది తమ్ముడూ" అని చంకల పెట్టుకొని పోతుంటే "ఎనభై రూపాయలు సార్" అన్న మాట గొంతు దాటలేదు. పొద్దుగూకే సరికి ముప్పై పోయినయి, పైసలొచ్చింది నాలుగింటికి. కవిత్వం అమ్ముకునేది కాదన్న సిగ్గే అనుకున్న మొదట. కాదు. పెద్దోళ్ల ముంగట నోరిప్పొద్దన్న పాత భయమే, సదువుకొని పోతన పేరు పెట్టుకున్నది.

ఇంట్ల చెప్తే నాయిన నవ్విండు. "నేను సావు కాడ అడిగిన. నువ్వు సదువుకున్నోళ్ల కాడ అడగకపోతివా?"

అట్లని నాయిన అన్నీ అమ్మేటోడు కాదు. పట్నం నుంచి ఒకాయన వచ్చి పాత డప్పు గోడకు తగిలించుకుంట, రెండు వేలిస్తనన్నడు. "కొట్టిపిచ్చుకో, పైసలు తీసుకుంట. యాలాడదీసుకుంటానికైతే ఇయ్య" అన్నడు నాయిన. ఈ తేడా మీద ఏ విమర్శకుడూ రాయంగ నేను సూడలేదు.

ఆ డప్పు మా దూలానికే ఉన్నది. పుస్తకాలు మంచం కింద ఉన్నయి. వచ్చే నెల ఇంకో సభ. నాయిన తానూ వస్తనంటున్నడు, దుప్పటి కాడ కూసుంటానికి.